మిగతా వెండితెరపై చూడండి



ఈ వారం పాఠం ఒక సినిమా ట్రైలర్ గురించి. గురువులకు సినిమాలతో ఏం పని అని పెద్దవారు అనుకోవచ్చు. ఫాదర్ గారికి సినిమాల గురించి ఏం తెలుసని యువకులు నవ్వుకోవచ్చు. ఇద్దరికీ నా మనవి ఒకటే. చివరిదాకా చదవండి, ఆ తరువాత తీర్పు చెప్పండి. ఈ పాఠం సారాంశం కూడా అదే.

జరిగిన సంగతి

2025 జూలై 25, శుక్రవారం నాడు ‘వార్ 2’ సినిమా ట్రైలర్ విడుదలైంది. హృతిక్ రోషన్, మన జూనియర్ ఎన్.టి.ఆర్. కలిసి నటించిన గూఢచారి సినిమా అది. 2019 అక్టోబరు 2న వచ్చిన ‘వార్’కు కొనసాగింపు. యశ్‌రాజ్ ఫిలిమ్స్ సంస్థ 2012లో ‘ఏక్ థా టైగర్’తో మొదలుపెట్టి వరుసగా తీస్తున్న గూఢచారి కథలలో ఇది ఆరవది. ఎన్.టి.ఆర్. నేరుగా నటించిన తొలి హిందీ చిత్రం కావడంతో మన తెలుగు ఊళ్లలో కూడా దాని గురించి పెద్ద చర్చే నడిచింది.

అంతకు రెండు నెలల ముందు, మే 20న, ఎన్.టి.ఆర్. పుట్టినరోజున టీజర్ వచ్చింది. అభిమానులు అప్పుడే వర్గాలుగా చీలిపోయారు. మా హీరోకు పుట్టినరోజు కానుక అని పండుగ చేసుకున్నవారు కొందరు. గ్రాఫిక్స్ తేలిపోయాయని పెదవి విరిచినవారు కొందరు. ఇద్దరిలో ఎవరిది పైచేయి, ఎవరిని ఎంతసేపు చూపించారు అని క్షణాలు లెక్కపెట్టినవారు మరికొందరు. ట్రైలర్ వచ్చాక ఆ చర్చ ఇంకా వేడెక్కింది. ఆగస్టు 14న ‘వార్ 2’తో పాటు రజనీకాంత్ గారి ‘కూలీ’ కూడా విడుదల కాబోతుండడం అగ్నికి ఆజ్యం పోసింది.

మా విచారణలో అన్నదమ్ముల పిల్లలు ఇద్దరున్నారు. పెద్దవాడికి పందొమ్మిదేళ్లు, చిన్నవాడికి పదిహేడు. ఒకే వాకిట్లో పెరిగారు. గుడి గానబృందంలో పెద్దవాడు కీబోర్డు, చిన్నవాడు ఢోలక్ వాయిస్తారు. చిన్నవాడు ఎన్.టి.ఆర్. అభిమాని. పెద్దవాడు వేరొక హీరో అభిమాని. ఆ హీరో పేరు నేను రాయను. రాస్తే వచ్చే వారం నాకు ఉత్తరాలు వస్తాయి.

ట్రైలర్ వచ్చిన తరువాతి ఆదివారం, దివ్యపూజ ముగిశాక, ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగకు పాటల ప్రాక్టీసు పెట్టుకున్నాం. నేను పూజా వస్త్రాలు తీసి బయటికి వచ్చేసరికి గుడి మెట్ల దగ్గర పెద్దవాడు చిన్నవాణ్ణి రెండు చేతులతో నెట్టడం నా కళ్లారా చూశాను. చిన్నవాడు వెనక్కి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయి రక్తం వచ్చింది.

“ఏరా, గుడి ముందర కొట్లాటా? పండుగ అయ్యేదాకా నువ్వు కీబోర్డు ముట్టుకోనక్కరలేదు. ఇంటికి పో” అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు. ఫాదర్ గారు మంచి బుద్ధి చెప్పారని అక్కడున్నవారు అన్నారు. నేను కూడా అలాగే అనుకున్నాను. గొడవ ట్రైలర్ గురించి అని ఆ తరువాత తెలిసింది.

ఈ సంగతిని ఇక్కడ ఆపుదాం. మళ్లీ దీని దగ్గరికి వస్తాను. ముందుగా అసలు ట్రైలర్ అంటే ఏమిటో తెలుసుకుందాం.

ట్రైలర్ అంటే ఏమిటి?

మా చిన్నతనంలో సినిమా కబురు రిక్షాలో వచ్చేది. మైకు కట్టి, రంగు కరపత్రాలు పంచుతూ వీధివీధీ తిరిగేవారు. హాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. అందులో పాటలతో పాటు కథ కొంత చెప్పి, సరిగ్గా మంచి పట్టు దగ్గర ఆపేసి, “మిగతా వెండితెరపై చూడండి” అని అచ్చువేసేవారు. ఈ మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎంత నిజాయితీ గల మాట! నీకు చెప్పింది కొంతే, చెప్పనిది చాలా ఉంది అని ఆ చిన్న పుస్తకమే ఒప్పుకునేది.

ట్రైలర్ అనే ఆంగ్ల పదానికి వెనకాల వచ్చేది అని అర్థం. అమెరికాలో తొలి రోజుల్లో రాబోయే సినిమా ముక్కలను అసలు సినిమా ముగిశాక చివర చూపేవారు. అందుకే ఆ పేరు. చివర వేస్తే జనం ఆగకుండా లేచి వెళ్లిపోతారు కాబట్టి తరువాత ముందుకు జరిపారు. పేరు మాత్రం మారలేదు.

ట్రైలర్ చేసేవారి పని ఎలాంటిది? రెండున్నర, మూడు గంటల సినిమాలో నుండి రెండు మూడు నిమిషాలు ఏరుకోవాలి. ఆ ఏరిన ముక్కలను సినిమాలో ఉన్న వరుసలోనే పెట్టాలని నియమమేమీ లేదు. ఒక సన్నివేశంలోని మాటను మరో సన్నివేశంలోని ముఖంమీద వినిపించవచ్చు. ట్రైలర్ తయారయ్యే నాటికి సినిమాలో గ్రాఫిక్స్, నేపథ్య సంగీతం పూర్తికాకపోవడం కూడా మామూలే.

ఇక్కడ ఒక పాత ప్రయోగం గుర్తుచేసుకోవాలి. సుమారు నూరేళ్ల క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ముఖాన్ని, తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నెను, ఒకసారి శవపేటికను అతికించి చూపించాడు. గిన్నె పక్కన చూసినవారు ఆ ముఖంలో ఆకలి కనిపించిందన్నారు. శవపేటిక పక్కన చూసినవారు దుఃఖం కనిపించిందన్నారు. ముఖం మాత్రం ఒక్కటే. సినిమా చదువు చదివేవారికి ఈ కథ మొదట్లోనే చెబుతారు. దీని నుండి మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఒక ముక్క అర్థం ఆ ముక్కలో మాత్రమే ఉండదు. దాని పక్కన ఏముందో దానిమీద ఆధారపడి ఉంటుంది. పక్కన ఉన్నది తెలియకపోతే ఆ ఖాళీని మన మనసే నింపుతుంది. మన మనసులో ప్రేమ ఉంటే ప్రేమతో నింపుతుంది. కసి ఉంటే కసితో నింపుతుంది.

అందుకే ఒకే ట్రైలర్ చూసి ఒకడు ఎగిరి గంతువేశాడు, మరొకడు వెక్కిరించాడు. ఇద్దరూ సినిమా గురించి మాట్లాడుతున్నామనే అనుకున్నారు. నిజానికి ఇద్దరూ తమ మనసులో ముందే ఉన్నదాన్ని బయటపెట్టారు.

ఒక్క మెతుకు చాలదా?

“ఫాదర్ గారూ, అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా పిసకాలా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మా గురువులు కూడా ఇలాంటి ప్రశ్నలే మామీద వేసేవారు.

ఒక్క మెతుకు చాలుననేది ఎందుకు నిజం? కుండలో మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంటమీద, ఒకేసేపు ఉడికాయి. పైగా ఆ మెతుకును గరిటెతో తీసింది మీరు. మీ చేతికి ఏది వస్తే దాన్ని పట్టి చూశారు. ట్రైలర్ అలాంటిది కాదు. అందులోని మెతుకులను మీరు తీయలేదు. వంటవాడే ఏరి, నెయ్యి రాసి, విస్తరిలో పైన పెట్టాడు. పెళ్లి సంబంధానికి పంపే ఫోటో వంటిది ట్రైలర్. ఆ ఫోటో అబద్ధమని కాదు, కాని ఆ ఫోటోతో సంసారం చేయలేం. అది చూసి, కలిసి మాట్లాడదామా వద్దా అని మాత్రమే నిర్ణయించుకుంటాం.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నాటకం గురించి రాస్తూ, సంపూర్ణమైన కథకు మొదలు, నడుమ, ముగింపు ఉంటాయన్నాడు. ముగింపు తెలిశాకనే మొదలుకు అర్థం తెలుస్తుంది. ట్రైలర్‌లో ఈ మూడూ ఉన్నట్లు కనిపిస్తాయి, కాని ముగింపు ఉండదు. ఉండకూడదు కూడా. ముగింపు చూపిస్తే టిక్కెట్టు ఎవరు కొంటారు?

కోర్టు చెప్పిన మాట

ట్రైలర్ గురించి మన దేశపు అత్యున్నత న్యాయస్థానమే ఒక తీర్పు చెప్పిందని మీకు తెలుసా? ఆ కేసు కూడా ఇదే యశ్‌రాజ్ సంస్థ సినిమా గురించినది. ఆ సినిమా పేరు ‘ఫ్యాన్’, అంటే అభిమాని! 2016లో వచ్చింది. దాని ప్రచారంలో ‘జబ్రా ఫ్యాన్’ అనే పాటను చూపించారు. ఆ పాట చూసి ముచ్చటపడి మహారాష్ట్రకు చెందిన ఒక ప్రేక్షకురాలు కుటుంబంతో సినిమాకు వెళ్లారు. తీరా చూస్తే సినిమాలో ఆ పాట లేదు. ఆమె వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. 2017లో మహారాష్ట్ర రాష్ట్ర కమిషన్ ఆమెకు 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇమ్మంది. 2020లో జాతీయ కమిషన్ ఆ ఆదేశాన్ని సమర్థించింది. చివరకు 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

కోర్టు మాటల సారాంశం ఇది. ప్రచార ట్రైలర్ ప్రేక్షకుణ్ణి టిక్కెట్టు కొనమని ప్రోత్సహించేది మాత్రమే. అది దానంతట అది ఒప్పందం కాదు, ఒప్పందానికి దారితీసే వాగ్దానమూ కాదు. కాబట్టి ట్రైలర్‌లో చూసింది సినిమాలో లేదని పరిహారం అడగడానికి వీలులేదు.

ఆ తల్లి నిరాశను నేను తక్కువచేసి మాట్లాడడం లేదు. పిల్లలతో వెళ్లి ఆశపడింది దొరకకపోతే ఎవరికైనా బాధే. కాని ఈ తీర్పు మనకొక మంచి పాఠం చెబుతోంది. ట్రైలర్ వాగ్దానం కాదు. అది వాగ్దానమే కానప్పుడు, దాని పేరుమీద ముందే గెలుపు ప్రకటించుకోవడం తగదు. అలాగే మోసపోయామని ముందే దూషించడమూ తగదు. సినిమా తీసినవారే చేయని వాగ్దానాన్ని వారి తరఫున మన పిల్లలు చేస్తున్నారు. అది నిలబడకపోతే తామే ఓడిపోయినట్లు కుమిలిపోతున్నారు.

‘వార్ 2’ విషయంలో ఏం జరిగింది? ఆగస్టు 14న సినిమా విడుదలైంది. విమర్శకులు మెచ్చుకున్నది కొంత, తప్పుపట్టినది ఎక్కువ. వసూళ్లు ఆశించిన స్థాయికి చేరలేదు. జూలైలో విజయోత్సవం చేసుకున్నవారి లెక్క తప్పింది. అయితే, ఇదంతా ముందే చెప్పాం కదా అన్నవారి లెక్క సరైనదా? అదీ కాదు. వారు కూడా సినిమా చూడకుండానే చెప్పారు. చూడకుండా చెప్పింది నిజమైనా, అది జ్ఞానం కాదు, పందెం. పందెం గెలిచినవాడు తెలివైనవాడు అయిపోడు.

వస్తువు వేరు, మనిషి వేరు

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటె ముఖ్యమైన మెట్టు ఎక్కుదాం. తీర్పు గురించి పునీత అక్వినాసు తోమాసుగారు 13వ శతాబ్దంలోనే తన గొప్ప వేదాంత గ్రంథం ‘సుమ్మా థియొలోజియే’లో ఎంతో వివరంగా చర్చించారు. సరైన తీర్పుకు మూడు కావాలని ఆయన అంటారు. మొదటిది, న్యాయం చేయాలనే మనసు ఉండాలి. రెండవది, తీర్పు చెప్పే అధికారం ఉండాలి. మూడవది, వివేకంతో, నిశ్చయంగా తెలిసినదాన్ని బట్టి చెప్పాలి. మనసు లేకపోతే అది అన్యాయపు తీర్పు. అధికారం లేకపోతే అది ఆక్రమించుకున్న తీర్పు. నిశ్చయంగా తెలియకుండా, చిన్న చిన్న ఆనవాళ్లను పట్టుకుని చెబితే అది తొందరపాటు తీర్పు. ట్రైలర్ చూసి సినిమాను తేల్చివేయడం ఈ మూడవ కోవకు చెందుతుంది.

ఆయన అక్కడితో ఆగలేదు. ఇంకా లోతైన తేడా ఒకటి చూపించారు. వస్తువుల గురించి తీర్పు చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్లే చూడాలి. వంకాయ పుచ్చిపోతే పుచ్చిందనే అనాలి. దానివల్ల వంకాయకు కలిగే నష్టమేమీ లేదు. మనిషి గురించి తీర్పు చెప్పేటప్పుడు మాత్రం, నిశ్చయంగా తెలియనంతవరకు, మంచివైపే మొగ్గాలి. అలా మొగ్గి కొన్నిసార్లు పొరబడినా ఫరవాలేదు. చెడ్డవాణ్ణి మంచివాడనుకుని చాలాసార్లు మోసపోవడం, మంచివాణ్ణి ఒక్కసారి చెడ్డవాడనుకోవడం కంటె మేలు అంటారాయన. ఎందుకంటే రెండవ సందర్భంలో ఒక మనిషికి అన్యాయం జరుగుతుంది.

ఈ తేడాను సినిమాకు అన్వయించి చూడండి. సినిమా ఒక వస్తువు. మనుషులు చేసిన వస్తువు. పూర్తిగా చూసిన తరువాత బాగుంటే బాగుందనండి, బాగాలేకపోతే బాగాలేదనండి. గ్రాఫిక్స్ తేలిపోయాయనడం పాపమేమీ కాదు. కథలో పస లేదనడం పాపం కాదు. నిజం చెప్పాలంటే, ఏదైనా బాగాలేదని ధైర్యంగా చెప్పగలగడం కూడా ఒక విద్యే. అయితే ఆ సినిమాను ఇష్టపడినవాడు వస్తువు కాదు. వాడు మీ తమ్ముడు. ఆ సినిమాను వెక్కిరించినవాడు కూడా వస్తువు కాదు. వాడు మీ అన్న.

అభిమానుల తగవుల్లో జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. తమకు నచ్చిన సినిమా అనే వస్తువుమీద మితిమీరిన జాలి చూపిస్తారు. దానిలో తప్పు ఎంచితే సహించరు. ఎదుటి మనిషిమీద మాత్రం రవ్వంత జాలి కూడా చూపరు. “గ్రాఫిక్స్ బాగాలేవు” అన్న మాట “మీ హీరో పనికిరాడు” అవుతుంది. తరువాత “నువ్వు పనికిరావు” అవుతుంది. ఆ తరువాత “మీ ఇంటి సంగతి నాకు తెలియదా” అవుతుంది. నాలుగు మెట్లు. మొదటి మెట్టు సినిమా గురించి, చివరి మెట్టు తల్లిదండ్రుల గురించి. దిగడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. తిరిగి ఎక్కడానికి ఏళ్లు పట్టవచ్చు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరకే అనలేదు.

నేను చూడనిది

మా పిల్లల దగ్గరికి తిరిగి వద్దాం.

నేను పెద్దవాణ్ణి పంపించివేసిన మూడవ రోజు సాయంత్రం చిన్నవాడి తల్లి నా దగ్గరికి వచ్చింది. “ఫాదర్ గారూ, మీరు పెద్దబాబును తిట్టారంట. వాడిది తప్పే. కానీ ముందు మావాడిది తప్పు” అని ఫోను తీసి చూపించింది. ట్రైలర్ వచ్చిన రాత్రి పెద్దవాడు నవ్వులాటగా ఒక మాట రాశాడు. విమానం బొమ్మ మన గుడి పశువులపాకలో పెట్టే అట్టబొమ్మలాగా ఉంది అన్నాడు. అంతే. దానికి చిన్నవాడు ఇచ్చిన జవాబు సినిమా గురించి కాదు. పెద్దవాడి తండ్రి, అంటే తన సొంత పెదనాన్న, రెండేళ్ల క్రితం చేపల చెరువులో నష్టపోయి అప్పులపాలైన సంగతి తెచ్చి, “టిక్కెట్టు డబ్బులకు కూడా అప్పు చేసేవాళ్లకు సినిమాల గురించి ఎందుకు?” అని రాశాడు. స్నేహితులందరూ చదివారు. పెదనాన్న కూడా చదివాడు.

ఆదివారం మెట్ల దగ్గర పెద్దవాడు అడిగింది ఒక్కటే. “ఇంటికొచ్చి నాన్నకు క్షమాపణ చెప్పు” అని. చిన్నవాడు నవ్వాడు. అప్పుడు వాడు నెట్టాడు. సరిగ్గా ఆ క్షణానికి నేను బయటికి వచ్చాను.

పాఠకులారా, నేను చూసింది నిజమే. నెట్టడం నిజం, రక్తం నిజం. కాని నేను చూసింది ట్రైలర్. ముందు ఏం జరిగిందో చూడలేదు. అడగనూ లేదు. పునీత తోమాసుగారి గ్రంథాన్ని సెమినరీలో పరీక్షకు చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. పదిమంది ముందర ఒక కుర్రవాడిమీద తొందరపాటు తీర్పు చెప్పినవాణ్ణి కూడా నేనే. నాకు అధికారం ఉంది. న్యాయం చేయాలనే మనసూ ఉంది. మూడవది లేదు. తన తండ్రి పరువు నలుగురిలో మళ్లీ ఎత్తడం ఇష్టంలేక వాడు నోరు విప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది.

మరునాడు వాళ్లింటికి వెళ్లాను. తండ్రి కుర్చీ వేశాడు. కుర్రవాణ్ణి పిలిచి, “బాబూ, నేను నిన్ను అడగకుండా తీర్పు చెప్పాను. అది నా తప్పు. నెట్టడం నీ తప్పు. నా తప్పుకు నన్ను క్షమించు” అన్నాను. వాడు కంగారుపడి “అలా అనకండి ఫాదర్” అన్నాడు. తరువాతి ప్రాక్టీసులో అందరి ముందర కూడా అదే మాట చెప్పాను. అందరి ముందర అన్న మాటను అందరి ముందరే వెనక్కి తీసుకోవాలి కదా.

చిన్నవాడు పెదనాన్న దగ్గరికి వెళ్లడానికి ఇంకో పది రోజులు పట్టింది. వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియనక్కరలేదు. ఆగస్టు 14న సినిమా చూసి వచ్చాడు. మరునాడు పండుగ పూజలో ఇద్దరూ వాయించారు, ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు. పూజ అయ్యాక వైర్లు చుడుతూ పెద్దవాడు “సినిమా ఎలా ఉంది?” అని అడగడం విన్నాను. చిన్నవాడు కాసేపు ఆగి, “నువ్వు కూడా చూసి చెప్పు” అన్నాడు. ట్రైలర్ రోజు ఈ మాట అని ఉంటే ఎంత బాగుండేది!

ఆ సినిమాను తరువాత నేను కూడా ఇంట్లో చూశాను. ట్రైలర్‌లో ఆ ఇద్దరు నాయకులు ఒకరినొకరు చంపుకునేంత శత్రువుల్లాగా కనిపిస్తారు. సినిమా చూస్తే తెలిసింది, వారు చిన్ననాటి స్నేహితులు. ఎవరు మంచివాడు, ఎవరు చెడ్డవాడు అని అభిమానులు నెలల తరబడి కొట్లాడుకున్నారు. వారిద్దరి మధ్య ఉన్న అసలు సంబంధం ట్రైలర్ చూసినవారికి తెలియనే లేదు.

మనం చేయవలసినది

సినిమాలు చూడవద్దని నేను చెప్పడం లేదు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సమాచార సాధనాల గురించి ఒక ప్రకటనను విడుదల చేసింది. సినిమాను అది దేవుడిచ్చిన మేధస్సుతో మానవుడు సాధించిన గొప్ప విషయాలలో ఒకటిగానే చూసింది. యువత మితం పాటించాలనీ, తాము చూసినదాన్ని లోతుగా అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాలనీ, పెద్దలతోను తెలిసినవారితోను చర్చించి సరైన తీర్పు చెప్పడం నేర్చుకోవాలనీ అందులో బోధించింది. చూడండి, తీర్పు చెప్పవద్దనలేదు. తీర్పు చెప్పడం నేర్చుకోమంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ట్రైలర్ చూపిస్తే “ఇదొక పిచ్చి” అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని చూడండి. “ఇందులో నీకేం నచ్చింది? ఇది కథలో ఎక్కడ వస్తుందనుకుంటున్నావు?” అని అడగండి. మీరు కూడా చూడకుండానే కొట్టిపారేస్తే వారికి నేర్పేది అదే తొందరపాటు.

యువతకు ఒక మాట. ట్రైలర్ నచ్చితే సంతోషపడండి, నచ్చకపోతే ఊరుకోండి. అనుమానం ఉంటే “చూద్దాం” అనండి. తెలుగులో ఎంత చక్కని మాట అది! ఇంకా చూడలేదు అనే వినయమూ, చూస్తాను అనే ఆశా రెండూ అందులోనే ఉన్నాయి. ఎదుటివాడి మాట సినిమాను దాటి మనిషిమీదికి వస్తున్నదని తెలిసిన మరుక్షణం అక్కడే ఆగిపోండి. అభిమానానికి అవమానానికి మధ్య తేడా ఒక్క అక్షరమే.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

1. ట్రైలర్ చూసి మనం గొప్పగా ఊహించుకుని, సినిమా చూశాక అభిప్రాయం మార్చుకున్న సందర్భం ఏదైనా ఉందా? అప్పుడు ఎవరు పొరబడినట్లు?

2. ఒక సినిమా గురించి, ఒక ఆట గురించి మొదలైన మాట మన ఇంట్లో ఎప్పుడైనా మనిషిమీదికి వెళ్లిందా? ఏ మెట్టు దగ్గర ఆపి ఉండవలసింది?

3. మన బంధువులలో, మన విచారణలో, ఒక్క సంఘటన చూసి మనం తేల్చివేసిన మనిషి ఎవరైనా ఉన్నారా? వారి మిగతా కథ మనకు ఎంత తెలుసు?

మూడవ ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఒక మనిషి ఒక సాయంత్రం కోపంగా అన్న మాట, ఒక రోజు తప్పతాగి చేసిన అల్లరి, ఒక ఏడు తీర్చలేకపోయిన బాకీ, వీటిని ముక్కలుగా అతికించి మనం వారికి ట్రైలర్ తయారుచేసి ఊరంతా చూపిస్తుంటాం. ఆ మనిషి జీవితమంతా చూసినవాడు దేవుడొక్కడే. మన చేతిలో ఉన్నది ఆ చిన్న పాటల పుస్తకం మాత్రమే. దాని చివరి పుటలో అచ్చువేసిన మాటను మరచిపోకండి.

మిగతా వెండితెరపై చూడండి.